వార్తలు వేగంగా తెచ్చుకుందాం, లెక్క మాత్రం నిదానంగా పెడదాం

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చివర్లో మీతో ఒక పని ఉంది.

మేం ఒకే హాస్టల్ గదిలో ఉండే నలుగురం, డిగ్రీ చదువుతున్నాం. మా నాలుగు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాది పాడేరు వైపు. పోయిన వర్షాకాలంలో మాలో ఒకరి వదినకి నొప్పులొస్తే ఊళ్లోవాళ్లు డోలీ కట్టి, గెడ్డ దాటించి, రోడ్డు దాకా మోసుకొచ్చారు. అక్కడినుంచి అంబులెన్సు. తల్లీబిడ్డా బాగానే ఉన్నారు. మర్నాడు ఒక వెబ్‌సైట్లో నాలుగు లైన్ల వార్త వచ్చింది. అందులో పంచాయతీ పేరు ఉంది, మా గూడెం పేరు లేదు.

కొన్నాళ్లకి రోడ్డు కోసం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టడానికి వెళ్లాం. అక్కడున్న ఆఫీసరు గారు కాగితం చూసి "ఈ పంచాయతీకి రోడ్డు పడింది కదమ్మా, ఇంకేం రోడ్డు?" అన్నారు. పంచాయతీకి పడింది. గూడేనికి పడలేదు. ఆ వార్త చూపిద్దామని ఫోన్లో లింకు నొక్కితే, ఆ పేజీ లేదని వచ్చింది. స్క్రీన్‌షాట్ కూడా ఎవరి దగ్గరా లేదు. నలుగురం మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ రోజు అనుకున్నదే ఈ పని. పాడేరు, జి.మాడుగుల, హుకుంపేట, పెదబయలు, ముంచింగిపుట్టు, అనంతగిరి, అరకు, డుంబ్రిగుడ, చింతపల్లి, జీకే వీధి, కొయ్యూరు. ఈ 11 మండలాల నుంచి డోలీ మోతల మీద వచ్చిన ప్రతి వార్తనీ వెబ్‌సైట్లలో వెతికి, దించుకుని, ఏ ఊరు, ఏ తేదీ, ఎంత దూరం మోశారు అని ఒక పట్టిక చెయ్యాలనుకున్నాం. మాలో ఇద్దరికి కాలేజీలో పైథాన్ చెప్తున్నారు. దాన్ని మార్కుల కోసం కాకుండా ఒక పనికోసం వాడటం మాకు ఇదే మొదటిసారి.

ముందు చేతితోనే మొదలుపెట్టాం. లింకు తెరవడం, చదవడం, కాపీ చేసి ఎక్సెల్‌లో పెట్టడం. ఒక ఆదివారం మొత్తం కూర్చుంటే ఓ మూల కూడా కదల్లేదు. అప్పుడు స్క్రిప్టు రాశాం. పైథాన్‌లో రిక్వెస్ట్స్ అనే లైబ్రరీ పేజీని దించుతుంది. బ్యూటిఫుల్ సూప్ అనేది ఆ పేజీలో హెడ్డింగు ఏది, తేదీ ఏది, అసలు వార్త ఏది అని విడదీయడానికి పనికొస్తుంది. ఇంతవరకు తేలికే.

ఒకేసారి చాలా పేజీలు దించడం అంటే ఏంటో తెలియని తమ్ముళ్ల కోసం చెప్తాం. స్కాలర్‌షిప్ రెన్యువల్ రోజులు గుర్తు తెచ్చుకోండి. కుల ధ్రువీకరణకి ఒక కౌంటరు, ఆదాయానికి ఒకటి, బ్యాంకు పాస్‌బుక్కుకి ఒకటి, జిరాక్సుకి ఒకటి. మనం ఒక్కరమే తిరిగితే పొద్దంతా లైన్లలోనే పోతుంది. పని చేసే టైము తక్కువ, నిలబడే టైము ఎక్కువ. అదే నలుగురు స్నేహితులు తలో కౌంటరు దగ్గర నిలబడితే మధ్యాహ్నానికి అయిపోతుంది. పేజీ దించడం కూడా అంతే. కంప్యూటరు చేసేది తక్కువ, అవతలి సర్వరు జవాబు కోసం ఎదురుచూసేదే ఎక్కువ. పైథాన్‌లో థ్రెడ్ పూల్ ఎగ్జిక్యూటర్ అని ఉంది. దానికి ఎంతమంది పనివాళ్లు కావాలో చెప్తే, అంతమంది ఒకేసారి వేరే వేరే పేజీల కోసం ఎదురుచూస్తారు.

మా దగ్గర సుమారు 600 లింకులున్నాయి. ఒక్కో పేజీకి 2 సెకన్లు అనుకుంటే ఒకదాని తర్వాత ఒకటి 20 నిమిషాలు. 5గురు పనివాళ్లయితే 4 నిమిషాలు. 50 మంది అయితే 24 సెకన్లు. కాగితం మీద లెక్క అలా కనిపించగానే మాకు ఆశ పుట్టింది. రాత్రి 11 గంటలకి, మెస్సు పక్కన సిగ్నల్ బాగా వచ్చే చోట కూర్చుని, 50 పెట్టి రన్ చేశాం.

మొదట కొన్ని పేజీలు చకచకా వచ్చాయి. తర్వాత ఒక పేపరు సైటు నుంచి 429 అని రావడం మొదలైంది. మరీ ఎక్కువసార్లు అడుగుతున్నారు, ఆగండి అని సర్వరు చెప్పే నంబరు అది. మా స్క్రిప్టుకి ఆగడం మేం నేర్పలేదు. అడుగుతూనే పోయింది. ఆ తర్వాత 403, అంటే లోపలికి రావద్దు. పొద్దున లేచేసరికి గ్రూప్స్‌కి చదువుతున్న సీనియర్ అన్నలు గది ముందున్నారు. "ఒరేయ్, రాత్రి ఏం చేశార్రా? పేపరు తెరుచుకోవట్లేదు." హాస్టల్ వైఫై మొత్తానికి బయటికి కనిపించే అడ్రసు ఒక్కటే. మేం చేసినదానికి హాస్టల్లో అందరికీ ఆ సైటు బందు. రెండు రోజులు అన్నలు కరెంట్ అఫైర్స్ కోసం సొంత డేటా ఖర్చుపెట్టుకున్నారు. మేం మొహం చాటేసి తిరిగాం. తప్పు సైటుది కాదు. పూర్తిగా మాదే.

ఒక్కో కౌంటరు దగ్గర ఒక్కరు నిలబడితే పని అవుతుంది. యాభై మంది ఒకే కౌంటరు మీద పడితే లోపలున్నాయన షట్టరు దించేస్తాడు. దించాలి కూడా. వెనక ఇంకా జనం ఉంటారు. పెద్ద సైట్లు తట్టుకుంటాయేమో గానీ, మన ప్రాంతం వార్తలు రాసే చిన్న సైట్లు, ఇద్దరు ముగ్గురు కలిసి నడిపేవి, మనలాంటి వాళ్ల తొందరకే కూర్చుండిపోతాయి. మన డోలీ వార్త వేసినవాళ్లనే మనం పడగొడితే ఎలా?

తర్వాత పద్ధతి మార్చాం. ఒక్కో సైటుకి ఒక్కడే పనివాడు, పేజీకీ పేజీకీ మధ్య ఒక సెకను ఆగుతాడు. ఆరు సైట్లు, సైటుకి సుమారు 100 పేజీలు, పేజీకి మొత్తం 3 సెకన్లు. ఆరుగురూ ఒకేసారి పని చేస్తారు కాబట్టి మొత్తం 5 నిమిషాల్లో అయిపోయింది. మర్యాదగా అడిగినా 5 నిమిషాలే. 24 సెకన్ల కోసం ఎగబడి రెండు రోజులు పోగొట్టాం. ఇంకో విషయం. చాలా సైట్లలో రోబోట్స్ డాట్ టెక్స్ట్ అనే చిన్న ఫైలు ఉంటుంది. మెషీన్లు ఎక్కడికి రావచ్చు, ఎక్కడికి రాకూడదు అని సైటువాళ్లు అందులో రాసుకుంటారు. 1994 నుంచి ఉన్న ఆనవాయితీ ఇది. పైథాన్‌లోనే దాన్ని చదివే పరికరం ఉంది. రావద్దన్న చోటికి మేం వెళ్లలేదు. అక్కడున్న వార్తలు చేత్తోనే తెరిచి చదివి రాసుకున్నాం.

సరే, పేజీలు వచ్చాయి. పని అయిపోయిందనుకున్నాం. అసలు పని అప్పుడు మొదలైంది.

మొదటిది అక్షరాలు. ఒక సైటు నుంచి వచ్చిన వార్తల్లో ఒక్క తెలుగు అక్షరం లేదు. తలమీద గీతున్న ఇంగ్లీషు 'ఎ', పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే. పేజీ పాడైందని ఒక తమ్ముడు డిలీట్ చెయ్యబోయాడు. పాడవ్వలేదు. తెలుగు అక్షరం యూటీఎఫ్-8లో మూడు ముక్కలుగా వస్తుంది. ఏ లిపిలో చదవాలో సర్వరు చెప్పకపోతే రిక్వెస్ట్స్ దాన్ని పడమటి దేశాల లిపి అనుకుని ఒక్కో ముక్కని ఒక్కో అక్షరంగా చూపిస్తుంది. ఇది యూటీఎఫ్-8 అని ఒక లైను చెప్తే తెలుగు వచ్చేసింది. ఆ లైను తెలియక ఆ పేజీలు పారేసి ఉంటే, ఆ ఊళ్లు మా లెక్కలోంచి పోయేవి.

రెండోది మాట. డోలీ అని ఒకరు, డోలి అని ఒకరు, డోలీమోత అని కలిపి ఒకరు, డోలీ మోత అని విడదీసి ఒకరు రాస్తారు. కొన్నిచోట్ల అక్షరాల మధ్య కంటికి కనిపించని గుర్తు కూడా ఉంటుంది. మనకి రెండూ ఒకటే, మెషీనుకి వేరు. ఇటు దొరకాల్సినవి దొరకలేదు, అటు అక్కర్లేనివి వచ్చాయి. శబరిమలలో పెద్దవాళ్లని మోసే డోలీలు, కేదార్‌నాథ్ ఉత్సవ డోలీ, అన్నీ మా పట్టికలో చేరాయి. ఒక సినిమా వార్త కూడా వచ్చింది. చూస్తే ఆ పేజీ పక్కన "ఇవి కూడా చదవండి" అనే పెట్టెలో మన డోలీ హెడ్డింగు ఉంది. అసలు వార్తనీ పక్క పెట్టెనీ విడదీయకపోతే జరిగేది ఇదే.

మూడోది రాని పేజీలు. ఇది అన్నిటికంటే ప్రమాదం. థ్రెడ్ పూల్‌లో ఒక పనివాడికి దెబ్బ తగిలితే, మనం వాడి ఫలితం అడగకపోతే వాడు ఏమీ చెప్పడు. స్క్రిప్టు హాయిగా ముగిసిపోతుంది. మొదటి రెండుసార్లు మేం 600 పేజీలూ వచ్చాయనే అనుకున్నాం. ఫోల్డరులో ఫైళ్లు లెక్కపెడితే తక్కువున్నాయి. తర్వాత ప్రతి లింకు పక్కన వచ్చింది, రాలేదు, ఎందుకు రాలేదు అని ఒక రిజిస్టరులా రాయించాం. జవాబు కోసం ఎంతసేపు చూడాలో గడువు కూడా పెట్టాం. మనం పెట్టకపోతే రిక్వెస్ట్స్ తనంతట తాను పెట్టుకోదు. దించిన పేజీని దించినట్టే ముందు దాచి, విడదీసే పని తర్వాత విడిగా చేశాం. విడదీయడంలో తప్పు చేస్తే మళ్లీ సైటు మీద పడక్కర్లేదు.

నాలుగోది లెక్క. ఒకే డోలీ మోతని నాలుగు పేపర్లు రాస్తే మా పట్టికలో నాలుగు వరసలు. ఒకరు ఊరి పేరు రాశారు, ఒకరు పంచాయతీ పేరు, ఒకరు మండలం మాత్రమే. మోసిన దూరం ఒకరు నాలుగు కిలోమీటర్లంటే ఇంకొకరు ఏడు అన్నారు. మన వైపు పుట్టులు, వలసలు, గరువులు, కొత్తూళ్లు ఎన్నో మీకు తెలుసు. ఒకే పేరు మూడు పంచాయతీల్లో ఉంటుంది. ఇవి ఒకటా, మూడా అని మెషీను చెప్పలేదు. ఆ ఊరి దారి నడిచినవాళ్లు చెప్పగలరు.

ఇప్పుడు మా అభిప్రాయం సూటిగా చెప్తాం. గ్రూపులో ఈ పని గురించి మొన్న చర్చ వచ్చినప్పుడు రెండు రకాల మాటలు విన్నాం.

కొందరు అన్నలు, ఇదంతా ఇంజనీర్ల పని, మనం ధర్నా చెయ్యాలి, కలెక్టరుకి వినతిపత్రం ఇవ్వాలి అన్నారు. ధర్నా వద్దని మేం అనడం లేదు. కానీ వినతిపత్రంలో ఏం రాస్తాం? "మా ప్రాంతంలో రోడ్లు లేవు" అని రాస్తే, రోడ్లు వేసిన జాబితా తీసి చూపిస్తారు. ఊరి పేరు, తేదీ, దూరం రాస్తే దానికి జవాబు చెప్పాలి. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ్ సడక్ యోజనలో రోడ్డుకి అర్హత చూసింది పంచాయతీని బట్టి కాదు, ఆవాసాన్ని బట్టి. మైదానంలో 500 జనాభా ఉండాలి, మనలాంటి షెడ్యూల్డ్ ప్రాంతంలో 250 ఉంటే చాలు. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లో పీవీటీజీ ఆవాసాలకైతే 100 మంది. అంటే గూడెం పేరు కాగితం మీదకి రాకపోతే ఆ గూడెం లెక్కలోకే రాదు. మెట్ల మీద కూర్చున్న రోజు మాకు అర్థమైంది ఇదే.

ఇంకొందరు తమ్ముళ్లు, అంత కష్టం ఎందుకు, మొత్తం దించేసి ఏఐకి ఇస్తే అదే లెక్క చెప్తుంది కదా అన్నారు. చెప్తుంది. శబరిమల డోలీ కలిపి చెప్తుందో, నాలుగు పేపర్ల వార్తని నాలుగుగా చెప్తుందో మనం చూడకపోతే ఎలా తెలుస్తుంది? ఆ సంఖ్య పట్టుకుని ఆఫీసుకి వెళ్తే, అందులో ఒక్క వరస తప్పని వాళ్లు చూపిస్తే చాలు, మిగతా వరసలన్నీ అబద్ధం అయిపోతాయి. మన మాట నమ్మకపోవడానికి ఇప్పటికే చాలామంది సిద్ధంగా ఉన్నారు. వాళ్ల చేతికి మనమే కర్ర ఇవ్వకూడదు. అందుకే మొత్తం ఎన్ని అని ఈ పోస్టులో మేం రాయడం లేదు. సరిచూడటం ఇంకా అవ్వలేదు. అయ్యేదాకా ఎవరు అడిగినా చెప్పం.

ఇంకో మాట, ఇది మాకే ఆలస్యంగా తట్టింది. పట్టికలో కొన్ని మండలాలకి వరసలు ఎక్కువున్నాయి, కొన్నిటికి చాలా తక్కువ. తక్కువున్న చోట రోడ్లు బాగున్నాయా? మాలో ఒకరిది అలాంటి మండలమే. అక్కడ డోలీ లేని నెల లేదు. విలేకరి వెళ్లలేదు, సిగ్నల్ లేదు, వీడియో తీసి పంపేవాళ్లు లేరు. ఇంకా కొన్ని వార్తలు జిల్లా ఎడిషన్లో బొమ్మగా మాత్రమే ఉంటాయి. మా స్క్రిప్టుకి అక్షరాలు కనపడతాయి గానీ బొమ్మలో ఉన్న అక్షరాలు కనపడవు. కాబట్టి సున్నా వచ్చిన ఊరంటే కష్టం లేని ఊరని కాదు. ఎవరూ రాయని ఊరు అది. వంద పనివాళ్లని పెట్టినా, రాయని వార్తని ఏ స్క్రిప్టూ దించలేదు. అది రాయాల్సింది మనమే.

అందుకే మా మాట ఇది. ఒకేసారి వందల పేజీలు దించడం మనలో ప్రతి కాలేజీ పిల్లా పిల్లవాడూ నేర్చుకోవాలి. పెద్ద కంప్యూటరు అక్కర్లేదు, లాబ్‌లో ఉన్న పాతది చాలు. వారం రోజులు కూర్చుంటే వస్తుంది. మన గురించి రాసింది మన దగ్గర ఉండాలి, ఎవరో పేజీ తీసేస్తే పోయేలా ఉండకూడదు. కానీ వేగం అక్కడితో ఆపాలి. తెచ్చినదాన్ని చదవడం, సరిచూడటం, లెక్కపెట్టడం మనుషులు చెయ్యాలి. ఆ ఊరి మనుషులే చెయ్యాలి.

ఇక మీతో పని. ఒక్కో మండలం నుంచి ఇద్దరు కావాలి. మీ మండలం వరసలు మీకు పంపుతాం. మీరు చెయ్యాల్సింది నాలుగే.

1. ఇది ఏ గూడెం, ఏ పంచాయతీ అని సరిగ్గా రాయడం. తెలియకపోతే తెలియదనే రాయండి, ఊహించి రాయొద్దు.

2. ఒకే సంఘటన రెండు మూడు వరసల్లో ఉంటే కలపడం.

3. మీకు తెలిసి జరిగి, ఏ పేపర్లోనూ రానివి విడి కాగితం మీద రాయడం. ఎవరు చూశారో కూడా రాయండి. వార్తల్లో వచ్చినవాటితో వీటిని కలపం, పక్కనే పెడతాం.

4. పేషెంటు పేరు, ఫోటో గ్రూపులో పెట్టొద్దు. పురిటి నొప్పుల్లో ఉన్న మనిషి ఫోటో ఆమెని అడక్కుండా తిప్పడం మనకి మర్యాద కాదు. ఊరు, తేదీ, దూరం చాలు. పేపరువాళ్ల వార్త కూడా పూర్తిగా ఎక్కడా పోస్టు చెయ్యొద్దు. అది వాళ్ల రాత. లింకూ మన సొంత మాటల్లో రెండు లైన్లూ చాలు.

పట్టిక పూర్తయ్యాక ముందు గ్రామసభల్లో చదివి వినిపిద్దాం. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2)లో రోడ్డుకి అటవీ భూమి ఇవ్వాలంటే గ్రామసభ సిఫార్సు ఉండాలని ఉంది. కాబట్టి కాగితం అక్కడినుంచే బయల్దేరాలి. ఆ తర్వాతే ఐటీడీఏకి, కలెక్టరు గారికి.

స్క్రిప్టు నేర్చుకోవాలనుకునేవాళ్లు ఆదివారం మధ్యాహ్నం భోజనం తర్వాత మా గదికి రండి. మాకొచ్చింది చెప్తాం, రానిది కలిసి చూద్దాం. పనివాళ్ల సంఖ్య దగ్గర మాత్రం 50 అని పెట్టనివ్వం. సీనియర్ అన్నలకి మాటిచ్చాం.

వదిన వార్త మళ్లీ దొరకలేదు. ఆమెది మా పట్టికలో లింకు లేని వరస. ఎదురుగా "ఎవరు చూశారు" అన్న చోట, డోలీ మోసినవాళ్లలో ఒకడైన మా గది తమ్ముడి పేరు రాసుకున్నాం. ఈసారి గూడెం పేరు సరిగ్గా పడింది.